గురువారం బెంచీ మీద పంచుకున్న గోళీలు

మొన్న నా మోకాలు చూపించుకోవడానికి ఒక ఆసుపత్రికి వెళ్ళాను. చేతిలో ట్యాబ్ పట్టుకున్న ఒక అమ్మాయి వచ్చి, నా మొహం వంక కూడా చూడకుండా, "ఆంటీ, నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత?" అని అడిగింది. "నువ్వు తలెత్తి అడిగితే నాలుగు, ఎత్తకపోతే ఎనిమిది" అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. పాపం, తప్పు దానిది కాదు. ఆ ప్రశ్న అడిగి అడిగి నోరు అరగదీసుకున్నదాన్ని నేనే.

నొప్పి మందుల మీద జరిగే పరిశోధనల్లో కోఆర్డినేటరుగా పనిచేసి రిటైరయ్యాను. డాక్టరుకీ, రోగికీ, మందు పంపే కంపెనీకీ మధ్య నిలబడి అందరి చేతా తిట్లు తినే ఉద్యోగం అది. ఇప్పుడు ఆ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మేడం, బాగా సక్సెస్ అయిన స్టడీ ఒకటి చెప్పండి" అంటారు. సక్సెస్ అయినవి నాకు పెద్దగా గుర్తులేవర్రా. అన్నీ ఒకేలా ఉంటాయి. నిలువునా మునిగిపోయిన స్టడీ ఒకటి మాత్రం నిన్నో మొన్నో జరిగినట్టు గుర్తుంది. వింటానంటే అదే చెప్తాను.

పంజాగుట్టలో మెయిన్ రోడ్డు వెనక సందులో, ఒక కళ్ళద్దాల షాపు పైన, మొదటి అంతస్తులో ఉండేది మా క్లినిక్. అప్పటికి మెట్రో స్తంభాలు లేచాయి గానీ రైలు రాలేదు. కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క. లిఫ్టు ఉండేది, దానికి మూడ్ ఉన్నప్పుడు పనిచేసేది. కాళ్ళ మంటలతో వచ్చేవాళ్ళను మెట్లెక్కించిన ఘనత మాదే.

మా డాక్టరుగారు ఆపరేషన్ థియేటర్లలో మత్తిచ్చే డాక్టరుగా మొదలై, "నిద్రపుచ్చడం అయింది, ఇక మెలకువలో ఉన్నవాళ్ళ నొప్పి సంగతి చూస్తాను" అని ఇటు మళ్ళిన మనిషి. రోగి వచ్చి కూర్చోగానే చేతి గడియారం తీసి డ్రాయర్లో పడేసేవారు. ఆ ఒక్క అలవాటు వల్ల నేను రోజూ మధ్యాహ్నం అన్నం సాయంత్రం తినేదాన్ని. ఎన్నిసార్లు సణిగినా, "గడియారం చూస్తూ అడిగితే నొప్పి సగమే చెప్తారమ్మా" అనేవారు.

షుగరు ముదిరాక కాళ్ళ నరాలు దెబ్బతిని మంటలు పుడతాయి చూశారూ, ఆ మంటలకు కొత్త గోళీ ఒకటి పరీక్షించే అవకాశం మాకు వచ్చింది. వచ్చినవాళ్ళలో కొందరికి అసలు మందు, కొందరికి పైకి అచ్చం అలాగే ఉండే మందులేని గోళీ. రోజుకు రెండు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికి తెలియదు, నాకు తెలియదు, డాక్టరుగారికీ తెలియదు. తెలిస్తే మా మొహాలే చెప్పేస్తాయని ఆ ఏర్పాటు. ఈ స్టడీ సరిగ్గా చేసి చూపిస్తే, కంపెనీ సాయంతో ఇక్కడే నొప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టాలని డాక్టరుగారి కల. ఆ గది ఎక్కడ, మంచాలు ఎటు అని కాగితం మీద గీతలు కూడా గీసేసుకున్నారు.

మొదట చేరినవాళ్ళలో ఒకావిడ అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో, హాస్టల్ పిల్లలకు మెస్ నడిపే మనిషి. గట్టి గొంతు, గట్టి చేతులు. స్టడీ సంగతంతా చెప్పి, అర్థమైందని ఒప్పుకుంటున్నట్టు కెమెరా ముందు రికార్డు చేయాలి. నేను బుద్ధిగా అప్పజెప్పాను. "మీకు అసలు మందు రావచ్చు, మందులేనిదీ రావచ్చు. మీకేది వచ్చిందో నాకు తెలియదు, డాక్టరుగారికీ తెలియదు."

ఆవిడ కెమెరా వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసింది. "మీకు సుత ఎర్క లేదా? సార్‌కు సుత ఎర్క లేదా? మరి ఎవలకు ఎర్క మేడం? ఇదేం దవాఖాన?"

డాక్టరుగారు పక్కగదిలో నవ్వాపుకోలేక దగ్గు నటించారు. తర్వాత ఆవిణ్ణి కూర్చోబెట్టి, "మందు వల్ల నీకేం కావాలమ్మా?" అని అడిగారు.

"నిలవడాలె సార్, గంతే. నిద్ర వట్టకపోయినా మంచిదే. పొద్దుగాల ఐదింటికి పొయ్యి అంటిస్తే మళ్ళ పొద్దూకిందాంక నిలవడే ఉండాలె. ఇప్పుడు గంట సేపు నిలవడితే నిప్పుల మీద ఉన్నట్టే ఉంటది. నేను కూసుంటే నా మెస్సు సుత కూసుంటది."

ఆ మాట బయట బెంచీ మీద కూర్చున్న ఇంకో ఆవిడ విన్నది. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరై, శ్రీనగర్ కాలనీలో చెల్లెలి ఇంటి పై వాటాలో ఉంటున్న పెద్దామె. మాది గోదావరి వైపే, ఆవిడదీ అటే. కాలికి మేజోళ్ళు, వాటి మీద చెప్పులు, మడత చెదరని నేత చీర. నేను నొప్పి నంబరు అడిగితే, "ఆరున్నర" అనేది. "అరలు ఉండవండీ టీచరుగారూ, ఆరో ఏడో చెప్పండి" అంటే, "ఉన్న అరని లేదనమంటావేంటి అమ్మాయ్?" అని నన్నే గదమాయించేది.

మా వాళ్ళందరికీ గురువారం రమ్మని పెట్టాం. హాల్లో పొడుగాటి బెంచీ ఒకటుండేది, దాని మీదే అందరి కాపరం. మెస్సావిడ స్టీలు డబ్బాలో బొబ్బెర్ల గుడాలు, అంటే మా వైపు అలసంద గుగ్గిళ్ళు, తెచ్చేది. టీచరుగారు తనకు ఇష్టం లేకపోయినా తెచ్చే కాకరకాయ వేపుడు డబ్బా మూత తీసేది. ఖైరతాబాద్ నుంచి వచ్చే ఒక ఆటో అన్న కింద నుంచి చక్కెర లేని చాయ్ మోసుకొచ్చేవాడు. "మేడం, మీరు సుత తాగుండ్రి. మీకు షుగర్ లేదని మిమ్ములను వేరు జేస్తమా?" అనేవాడు. నేను పైకి విసుక్కునేదాన్ని. "ఇది క్లినిక్కా, పెళ్ళి విడిదా?" అని అరిచేదాన్ని. నిజం చెప్పొద్దూ, బుధవారం సాయంత్రానికే నాకు మనసు అటు లాగుతూ ఉండేది.

మొదటి కొన్ని వారాలు మెస్సావిడకు ఏ మార్పూ లేదు. "గదే మంట మేడం" అంటూ మెట్లు ఒక్కొక్కటి ఎక్కి వచ్చి బెంచీ మీద కూలబడేది. టీచరుగారి నంబరు మాత్రం జారుతూ వచ్చింది. ఆరున్నర నుంచి నాలుగుకు, అక్కణ్ణుంచి మూడుకు. "రాత్రుళ్ళు నిద్ర పడుతోంది అమ్మాయ్, కాస్త తల తిరిగినట్టుంటోంది గానీ ఫర్వాలేదు" అంది. ఒకరికి అసలుది, ఒకరికి ఉత్తది అని మాకు లోపల అనిపించినా, అనుకోకూడదు. అనుకోకుండా ఉండటమే మా ఉద్యోగం.

ఆ తర్వాత చిత్రం జరిగింది. బెంచీ మీదున్న అందరికీ కాస్త కాస్త తగ్గడం మొదలైంది. ఎవరికీ పూర్తిగా పోలేదు, ఎవరికీ అసలు తగ్గకుండా లేదు. డాక్టరుగారు గీతల కాగితం మళ్ళీ తీశారు. నేనైతే నా గొప్ప చూసుకుని మురిసిపోయాను. వాళ్ళు వెనక్కి తెచ్చిన సీసాల్లో మిగిలిన గోళీలు లెక్కబెడితే ఒక్కటి తేడా వచ్చేది కాదు. ముంబై నుంచి తనిఖీకి వచ్చే కంపెనీ మనిషి, "ఇంత శుభ్రమైన లెక్క ఇంకే ఊళ్ళోనూ చూడలేదు" అన్నాడు. ఆ రోజు నేను ఇంటికి నేల మీద నడిచి వెళ్ళానో లేదో గుర్తులేదు.

ఇంకొన్ని వారాలకు మెస్సావిడ మెట్లు గబగబా ఎక్కి వచ్చింది. "మేడం! నిన్న పొద్దంత నిలవడ్డ! కూసోనే లేదు. పోరలు సుత 'ఆంటీ, గీ రోజు పప్పు మస్తుందే' అన్నరు" అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతుల నిండా ఇంగువ వాసన. పక్కనే కూర్చున్న టీచరుగారు నవ్వుతూ చూస్తోంది.

ఆ రోజు టీచరుగారి నంబరు మళ్ళీ ఆరున్నర.

"ఏంటండీ టీచరుగారూ, మూడుకు దిగిన మనిషి మళ్ళీ ఎక్కారేంటి?"

"కాళ్ళు కదమ్మాయ్. వాటి ఇష్టం" అంది, మేజోడు పైకి లాక్కుంటూ.

ఇక అంతా మునిగిన ఆ గురువారం సంగతి. ఎండాకాలం, పరీక్షల రోజులు, హాస్టళ్ళు కిటకిటలాడుతున్నాయి. మేం తలుపులు తీసి కాసేపయింది. ఆటో అన్న మెస్సావిణ్ణి భుజం మీద వాల్చుకుని దాదాపు మోస్తూ తీసుకొచ్చాడు. ఆవిడ కళ్ళు మూతలు పడుతున్నాయి. మాట ముద్దగా వస్తోంది. "పొయ్యి కాడ తూలి పడబోయింది మేడం. జర్ర అయితే మసిలే నూనెల చెయ్యి వడేది. పక్కకున్నోళ్ళు గుంజిండ్రు" అన్నాడు.

డాక్టరుగారు చూశారు. షుగరు సరిగ్గానే ఉంది, బీపీ పెద్దగా తేడా లేదు. జలుబు చేసిందని మెడికల్ షాపులో దగ్గు మందు కొని తాగిందట. "మన గోళీ అసలుదైతే, దాని మీద ఈ దగ్గు మందు పడితే ఇలాంటి మత్తే వస్తుంది. అసలుదో కాదో తెలియాలి" అన్నారు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు మాత్రం గుట్టు విప్పి చూడొచ్చని నియమం. కంపెనీకి ఫోన్ చేశారు. అవతలి నుంచి జవాబు వినగానే డాక్టరుగారి మొహంలో రంగు మారింది.

"ఉత్తదట. మందే లేదట" అన్నారు నాతో, మెల్లగా. "మందు లేకపోతే ఈ మత్తు ఎక్కడిది? తలలో ఏదో అయింది. పక్షవాతమేమో. వెంటనే స్కానింగుకి పంపాలి."

ఆవిడ మాట నాకు చెవుల్లో మోగింది. నిలవడాలె సార్, గంతే. నేను అంబులెన్సుకు ఫోన్ చేయడానికి హాల్లోకి వచ్చాను. బెంచీ మీద ఎవరూ మాట్లాడటం లేదు. ఎప్పుడూ చప్పుడు చేసేవాళ్ళు నోరు మూస్తే ఎంత భయం వేస్తుందో మీకు తెలియదు.

టీచరుగారు లేచింది. నన్ను పక్కకు జరిపి, తలుపు తోసుకుని డాక్టరుగారి ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఆవిడ మింగుతున్నవి ఆవిడవి కాదండీ, నావి. ఉదయంది, రాత్రిది, రెండూ నావే. ఆవిడవి నేను వేసుకుంటున్నాను."

డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు. మత్తుకు కారణం దొరికినా, మెస్సావిణ్ణి స్కానింగుకు పంపడం మాత్రం మానలేదు. వెళ్ళింది, అందులో ఏమీ లేదని తేలింది. మత్తు దిగాక, సాయంత్రం, మెస్సావిడ మంచం మీద లేచి కూర్చుని అడిగిన మొదటి మాట, "అన్నం దించిండ్రా? మాడి ఉంటది." అప్పుడు గానీ ఆటో అన్న ఏడవలేదు. ఏడ్చి, నవ్వి, చాయ్ తేవడానికి కిందికి పరుగెత్తాడు.

ఆ వారం డాక్టరుగారు బెంచీ వాళ్ళందర్నీ మళ్ళీ రప్పించారు. తన గదిలోకి పిలవలేదు. గడియారం తీసి జేబులో వేసుకుని, తనే వచ్చి బెంచీ చివర కూర్చున్నారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల ఉడికిపోతున్నాను లెండి.

"ఎంతమంది?" అని అడిగారు.

అందరూ నేల చూపులు చూశారు. ఆటో అన్న గొంతు సవరించుకున్నాడు. "అందరం సార్. జోడీలు పెట్టుకున్నం. పొద్దుటిది ఎవరిది వాళ్ళు, రాత్రిది పక్కోళ్ళది. సీసాలల్ల లెక్క తప్పకుండ చూసుకున్నం. మేడం లెక్క అంటే మాకు భయం."

నా శుభ్రమైన లెక్క రహస్యం అదన్నమాట! ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకుంటే లెక్క ఎందుకు తప్పుతుంది? నాకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గుండక్కర్లేదూ? కెమెరా ముందు తలూపి ఒప్పుకున్నారుగా అందరూ!" అని కేకలేశాను. డాక్టరుగారు చెయ్యెత్తి నన్ను ఆపారు.

"ఎవరు మొదలుపెట్టారు?"

"నేనే సార్" అంది మెస్సావిడ. తల దించలేదు. "నా పద్ధతి జెప్త, ఇనుండ్రి. నేను వంట జేసి పిలిస్తే పోరలు వరసన కూసుంటరు. సగం మందికి అన్నం వెట్టి సగం మంది ముంగట ఖాళీ పళ్ళెం వెడ్తనా? ఎవల ముంగట ఖాళీ పళ్ళెమున్నదో నాకే ఎర్క లేదు అంటే పోరలు ఊకుంటరా? మీరు గట్లనే పెట్టిండ్రు. ఒకని ముంగట అన్నం, ఒకని ముంగట ఉత్త పళ్ళెం. పక్కోడు తింటుంటె చూసుకుంట కూసునుడు మాకు శాతగాలే. పంచుకున్నం."

నేను డాక్టరుగారి వంక చూశాను.

డాక్టరుగారు ఆవిడ వైపు జరిగి, "కొత్తరకం మసాలా పొడి అమ్మడానికి ఒకడు నీ దగ్గరకు వస్తే ఏం చేస్తావమ్మా?" అన్నారు.

"కొద్దిగ కూరల ఏసి చూస్త."

"కూర బాగుంది. పొడి వల్లే బాగుందని ఎలా తెలుస్తుంది? ఆ రోజు వంకాయలు లేతవై ఉండొచ్చుగా?"

ఆవిడ ఆలోచించింది. "అవే వంకాయలు రెండు గిన్నెలల్ల ఏస్త. ఒకదాంట్ల పొడి ఏస్త, ఒకదాంట్ల ఎయ్య."

"అందరూ కలిసి ఆ రెండు గిన్నెలూ కలిపేస్తే?"

ఆవిడ నుదురు కొట్టుకుంది. "అయ్యో సార్! గదా సంగతి? గీ మాట ముందుగాల జెప్తె మేము ముట్టుకుంటుంటిమా? అసలుది, ఉత్తది, మాకు ఎర్క లేదు, సంతకం పెట్టుండ్రి అంటిరి. ఎందుకో జెప్పకపోతిరి!"

పిల్లలూ, ఈ ఒక్క ముక్క కోసమే ఇదంతా చెప్తున్నాను. మేం నియమం చెప్పాం, కెమెరాలో ఎక్కించాం, అర్థమైందా అని అడిగాం. నియమం ఎందుకో చెప్పలేదు. మాకు చెప్పాలనే తోచలేదు. మనుషులకు ఎందుకో తెలియని నియమం వాళ్ళ న్యాయానికి అడ్డొస్తే, వాళ్ళు తమ న్యాయాన్నే పాటిస్తారు. మీరు ట్యాబ్‌లో ఎన్ని టిక్కులు పెట్టినా అంతే.

నాకు మాత్రం డాక్టరుగారి కల కళ్ళముందే కొట్టుకుపోతుంటే ప్రాణం ఆగలేదు. వాళ్ళందర్నీ పంపాక, "ఈ ఇద్దరి సంగతి రాసి పంపేద్దాం సార్, మిగతావాళ్ళని ఉంచేద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆయన నా వంక కోపంగా కూడా చూడలేదు.

"ఎవరి కడుపులో ఎవరి గోళీ ఉందో మనకే తెలియదు. ఏమని రాస్తామమ్మా?" అన్నారు. ఉన్నదున్నట్టు అంతా రాసి పంపించారు. ముంబై ఆయన వచ్చి, ఈసారి ఏమీ మెచ్చుకోకుండా, గోళీల పెట్టెలన్నీ సీలు వేసి తీసుకుపోయాడు. మా ఊరి లెక్కలన్నీ పనికిరావని తేల్చారు. గీతలు గీసుకున్న కాగితాన్ని డాక్టరుగారు మడిచి డ్రాయర్లో గడియారం పక్కన పెట్టారు. ఆ విభాగం తర్వాత ఎప్పుడూ రాలేదు. ఆ బెంచీ మీదవాళ్ళను మాత్రం ఆయన వదల్లేదు. ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న మందులనే ఒక్కొక్కరికి ఎంత పడుతుందో చూసి చూసి కుదిర్చారు. మెస్సావిడకు పొయ్యి ఎత్తుకు సరిపోయే పొడుగు స్టూలు ఒకటి చేయించుకోమని పోరు పెట్టి చేయించారు.

స్టడీ మూసేసిన చివరి గురువారం అందరూ వెళ్ళిపోయాక టీచరుగారు మేజోళ్ళు సర్దుకుంటూ ఒక్కతే మిగిలింది. అప్పటికి ఆవిడది అసలు మందేనని మా అందరికీ తెలిసిపోయింది. బెంచీ వాళ్ళంతా ఒక్కో గోళీయే మార్చుకుంటే ఈవిడ రెండూ ఎందుకు ఇచ్చిందన్నది నా మనసులో ముల్లులా ఉండిపోయింది. అడిగేశాను.

"మెస్సావిడతో, 'నువ్వు ఇచ్చేవే నాకు బాగా పడుతున్నాయి, రెండూ నాకే ఇచ్చెయ్' అన్నారట. మీ నంబరు చూస్తే మళ్ళీ ఆరున్నరకు పోయింది. మీకేం పడ్డాయండీ?"

ఆవిడ నవ్వింది. "లెక్కల టీచర్ని అమ్మాయ్. మార్చుకోకముందు నాకు తగ్గింది, తనకు తగ్గలేదు. సగం మార్చుకున్నాక నాకు కాస్త పెరిగింది, తనకు కాస్త తగ్గింది. ఇంకా తెలియడానికి ఏముంది?"

"తెలిసే ఇచ్చారా?"

"ఆవిడ నిలబడాలి. నేను కూర్చునే మనిషిని. మంట నాకూ మంటే గానీ, నా మంటకు ఎవరి అన్నమూ ఆగదు. నువ్వు నంబరు అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేదు సుమా" అంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "తనకు చెప్పకు. చెబితే రేపటి నుంచి నా ముందు తల దించుకుని కూర్చుంటుంది. నాకది బాగోదు."

సరేనన్నాను. అన్నాను గానీ, ఆ సాయంత్రం ఆ ఖాళీ బెంచీ మీద కూర్చుని తనివితీరా ఏడ్చాను. స్టడీ పోయిందని ఏడుస్తున్నానని డాక్టరుగారు అనుకున్నారు, అనుకోనిచ్చాను.

ఇప్పుడు అక్కడ కళ్ళద్దాల షాపు లేదు, ఫోన్లు అమ్ముతున్నారు. పైన మా క్లినిక్ ఉన్న చోట జిమ్. డాక్టరుగారు బేగంపేటలో ఉంటున్నారు, మొన్న కలిస్తే చేతికి గడియారమే లేదు, పెట్టుకోవడం మానేశారట. అమీర్‌పేట మీదుగా ఇప్పుడు రైలు వెళుతుంది. మెస్సు మాత్రం ఆ సందులోనే ఉంది. నెలకోసారైనా వెళ్ళి మధ్యాహ్నం అక్కడ తింటాను. జనం పలచబడ్డాక ఆవిడ వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంటుంది. అది డాక్టరుగారు చేయించిన స్టూలే.

నేను వెళ్ళినప్పుడల్లా చూస్తుంటాను, ఆ వేళకు ఆవిడ ఒక క్యారేజీ సర్దుతుంది. జొన్నరొట్టె, పప్పు, నూనె తక్కువేసిన కూర. ఆటో అన్న వచ్చి పట్టుకుపోతాడు. స్టడీ పోయిన నాటి నుంచీ శ్రీనగర్ కాలనీకి ఆ క్యారేజీ ఒక్క పూట ఆగలేదని నాకు తెలుసు. టీచరుగారు నాకు ఫోన్ చేసి, "వద్దంటే వినదు అమ్మాయ్, ఉప్పేమో బొత్తిగా వేయదు" అని ఫిర్యాదులు చేస్తుంటుంది.

పోయిన నెలలో క్యారేజీ మూత బిగిస్తూ బిగిస్తూ ఆవిడ ఆగిపోయింది.

"మేడం, ఒక్క మాట. ఎవ్వరికి జెప్పలే. పంచుకుందం అన్నది నేను. సిత్రం చూడుండ్రి, ఉత్తయి నావే అయినయి. ఆమె అసలు గోళీలు నేను మింగిన. నా ఉత్తయి తీసుకొని పాపం గవే మంచిగ వనిజేస్తున్నయని భ్రమ వడ్డది. సార్ సుత అన్నడు గద, నమ్మితే ఉత్త గోళీకి సుత తగ్గుతదని. గట్ల నమ్మింది పిచ్చి తల్లి. ఆమెను మోసం జేసినట్టే గద నేను? ఎన్ని రొట్టెలు వంపినా నా పానం ఒప్పుతలేదు."

అంత గట్టి గొంతు మనిషి చెబుతున్నా ఆ మాటలు నాకు సరిగ్గా వినపడలేదు. నేను మాట ఇచ్చి ఉన్నాను. ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్నాను. తల దించుకుంటుందని కదా టీచరుగారి భయం. ఈవిడ తల దించుకునే ఉందని ఆవిడకేం తెలుసు?

"ఆవిడ భ్రమ పడలేదమ్మా" అన్నాను. "ఆవిడకు తెలుసు. అసలువి తనవేనని తెలిసే రెండూ నీకిచ్చింది."

ఆవిడ చేతిలో మూత అలాగే ఉండిపోయింది. "ఎర్కేనా? ఎర్కయి ఎందుకిచ్చింది?"

"నువ్వు నిలబడాలని."

ఆవిడ లేచి పొయ్యి ఆర్పింది. సాయంత్రం వంటకు కోసి పెట్టిన కూరగాయల మీద తడిగుడ్డ కప్పింది. చీర కుచ్చిళ్ళకు చేతులు తుడుచుకుని, క్యారేజీ తనే పట్టుకుని బయటకు నడిచింది. ఆటో అన్న అప్పుడే వచ్చి ఆగాడు. "ఎక్కడికి అక్కా? నేను దీస్కపోత గద" అంటే, "నడువ్, నేనే వస్తున్న. మేడం, మీరు సుత రండి" అంది. మెస్సు పెట్టిన్నాటి నుంచి ఆ వేళప్పుడు ఆవిడ సందు దాటడం అదే మొదటిసారని దారిలో ఆటో అన్న నాతో గుసగుసగా అన్నాడు. ఎల్లారెడ్డిగూడ మీదుగా వెళ్ళినంతసేపూ ఆవిడ క్యారేజీని ఒళ్ళోంచి దించలేదు.

టీచరుగారు పై వాటా వరండాలో, మేజోళ్ళు తీసేసి, చల్లటి గచ్చు మీద పాదాలు ఆనించుకుని కుర్చీలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి, "ఏంటి, ఇద్దరూ కలిసి వచ్చారు?" అంది. మెస్సావిడ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎందుకిచ్చినవ్ టీచరమ్మా?"

టీచరుగారు నా వంక చూసింది. "చెప్పేశావన్నమాట" అంది. నేను వరండా గ్రిల్లు వంక చూశాను. ఆవిడ మళ్ళీ మెస్సావిడ వైపు తిరిగింది.

"నిలబడ్డావా, లేదా?"

"నిలవడ్డ" అంది మెస్సావిడ. కళ్ళ నీళ్ళు ధారగా కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఇన్నేండ్లు నిలవడే ఉన్న."

"మరింకేం? ఇక కూర్చో."

ఆవిడ టీచరుగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. చెప్పులు విప్పి పాదాలు రెండూ గచ్చు మీద చాపుకుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఉప్పు తక్కువైతుందని మేడంకు జెప్పినవంట. నాకు జెప్పొద్దా?" అని క్యారేజీ మూత తీసింది. నేనూ చెప్పులు విప్పి వాళ్ళ పక్కన కూర్చున్నాను, ముగ్గురం ఆ రొట్టెలు తుంచుకుని తిన్నాం.